దోర్నపాల్‌లో ఏ భాషా యాప్ పనికొస్తుంది?

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా నుంచి కోంటాకు వెళ్లే 30వ నంబర్ జాతీయ రహదారి మీద, దాదాపు మధ్యలో దోర్నపాల్ వస్తుంది. చిన్న పట్టణమే. దగ్గర్లో శబరి నది, అవతల ఒడ్డున ఒడిశాలోని మల్కాన్‌గిరి జిల్లా. అదే రోడ్డున దక్షిణానికి వెళ్తే కోంటా దాటగానే ఆంధ్రప్రదేశ్‌లోని చింతూరు మండలం మొదలవుతుంది. ఈ మూడు రాష్ట్రాల మూలలో గోండీ, దోర్లాలు మాట్లాడే కోయ, హల్బీ, హిందీ, ఒడియా, తెలుగు అన్నీ చెవిన పడతాయి. ఒకే మనిషి సంతలో ఒక భాష, ఇంట్లో ఒక భాష, ఆఫీసులో మరో భాష మాట్లాడటం ఇక్కడ మామూలు.

ఇలాంటి చోటికి బయటి నుంచి ఉద్యోగం మీద వచ్చే నర్సు, టీచర్, బ్యాంకు ఉద్యోగి మొదట చేసే పని ఫోన్ తీసి యాప్ వెతకడం. దోర్నపాల్ చుట్టుపక్కల పల్లెల నుంచి మిరప కోతలకు తెలంగాణ వైపు వచ్చే కూలీకి తెలుగు కావాలి. చిన్న వయసులోనే హాస్టల్‌లో చేరిన గోండు పిల్లవాడికి హిందీ కావాలి. వీళ్లలో ఎవరికి యాప్ ఎంతవరకు ఉపయోగపడుతుంది? ఉపయోగపడని చోట ఏం చేయాలి?

యాప్‌లు ఏం బాగా చేస్తాయి

భాషా యాప్‌లను తీసిపారేయాల్సిన పనిలేదు. అవి నిజంగా బాగా చేసే పని ఒకటుంది: మర్చిపోబోతున్న సమయానికి మాటను మళ్లీ గుర్తుచేయడం. నేర్చుకున్నది ఎంత వేగంగా మరుపున పడుతుందో జర్మన్ మనస్తత్వవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లోనే కొలిచి చూపించారు. ఆ మరుపును లెక్కగట్టి, తేలికైన మాటను ఆలస్యంగా, కష్టమైన మాటను త్వరగా మళ్లీ చూపించడమే చాలా యాప్‌ల వెనకున్న సూత్రం. కొత్త లిపి నేర్చుకోవడానికి, రోజూ పది నిమిషాల అలవాటు పడటానికి ఇది పనికొస్తుంది.

అయితే వాటి గురించి వినిపించే గొప్పలను కాస్త జాగ్రత్తగా చూడాలి. డ్యుయోలింగోలో 34 గంటలు చదివితే కాలేజీలో ఒక సెమిస్టర్ స్పానిష్ చదివినంత అని 2012లో వచ్చిన అధ్యయనాన్ని తరచూ ఉదహరిస్తారు. దానికి నిధులిచ్చింది ఆ కంపెనీయే. పరీక్షించింది పదజాలం, వ్యాకరణం, చదివి అర్థం చేసుకోవడం. ఎదుటి మనిషితో మాట్లాడగలరా అన్నది అందులో లేదు. పైగా అది స్పానిష్. లక్షల మంది డబ్బు కట్టి నేర్చుకునే భాషకు తయారైన కోర్సు ఎలా ఉంటుందో, దోర్నపాల్‌లో కావాల్సిన భాషకు కూడా అలాగే ఉంటుందని అనుకోలేం.

యాప్‌లో ఉన్నవి, లేనివి

హిందీ దగ్గర పెద్ద ఇబ్బంది లేదు. డ్యుయోలింగోలో 2018 నుంచి హిందీ కోర్సు ఉంది. కాకపోతే అది ఇంగ్లిష్ వచ్చినవాళ్లకు. తెలుగు దగ్గరికొచ్చేసరికి చిత్రమైన పరిస్థితి: తెలుగువాళ్లకు ఇంగ్లిష్ నేర్పడానికి ఆ యాప్ సిద్ధం, తెలుగు నేర్పడానికి మాత్రం కాదు. కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన 'భాషా సంగమ్' యాప్‌లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో రోజువారీ వాక్యాలు వందకు పైగా ఉన్నాయి. అందులో తెలుగు, హిందీ, ఒడియా దొరుకుతాయి. గోండీ, కోయ దొరకవు, ఎందుకంటే అవి ఆ షెడ్యూల్‌లో లేవు.

మాట్లాడేవాళ్లు తక్కువ కాబట్టి ఇలా జరిగిందనుకుంటే పొరపాటు. 2011 జనాభా లెక్కల ప్రకారం గోండీ మాతృభాషగా ఉన్నవాళ్లు 29 లక్షల 84 వేల పైచిలుకు. కోయ అని విడిగా చెప్పుకున్నవాళ్లు మరో నాలుగు లక్షల మంది. డ్యుయోలింగో 2018లో కోర్సు తెరిచిన నవాహో భాషను అమెరికాలో మాట్లాడేది రెండు లక్షల లోపు మందే. ఆ భాషకు ఒక స్థిరమైన రాత ఉంది, దాన్ని బోధించే బడులున్నాయి, స్వచ్ఛందంగా పనిచేసే చదువరులున్నారు. యాప్‌లో ఒక భాష కనిపించాలంటే ముందు అది కాగితం మీద, బడిలో, ఆఫీసులో కనిపించి ఉండాలి.

గోండీ కోసం ప్రయత్నాలు జరగలేదని కాదు. కేంద్ర గిరిజన వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2025 సెప్టెంబర్‌లో 'ఆది వాణి' అనే యాప్‌ను ప్రయోగాత్మకంగా విడుదల చేసింది. ఐఐటీ ఢిల్లీ నేతృత్వంలో బిట్స్ పిలానీ, హైదరాబాద్, నవా రాయ్‌పుర్ ట్రిపుల్ ఐటీలు, రాష్ట్రాల గిరిజన పరిశోధన సంస్థలు కలిసి దీన్ని తయారుచేశాయి. సంతాలీ, భీలీ, ముండారీతోపాటు గోండీలోకీ, గోండీ నుంచీ ఇది అనువాదం చేస్తుంది. ఒక కరపత్రాన్నో, ప్రభుత్వ ప్రకటననో గోండీలో వినిపించడానికి ఇలాంటిది అవసరమే. కానీ ఇది అనువాద పరికరం. దీన్ని వాడుతూ ఉంటే భాష వంటబట్టదు.

ఏ గోండీ?

గోండీ అనే ఒక్క పేరు కింద చాలా మాటతీరులున్నాయి. మధ్యప్రదేశ్‌లోని మండ్లా నుంచి ఆదిలాబాద్ వరకు, అక్కడి నుంచి గోదావరి ఒడ్డు దాకా అవి కొంచెం కొంచెంగా మారుతూ వస్తాయి. పక్క పక్క ఊళ్లవాళ్లకు ఒకరి మాట ఒకరికి తెలుస్తుంది. రెండు చివర్ల వాళ్లు కలిస్తే కష్టపడాల్సిందే. ఈ మార్పుల్లో ఒకదాన్ని భాషాశాస్త్రవేత్తలు వివరంగా నమోదు చేశారు: ఒక చోట మాట మొదట్లో వచ్చే 'స', మరో చోట 'హ' అవుతుంది, ఇంకో చోట పూర్తిగా పోతుంది. ఉప్పును ఒక ప్రాంతంలో 'సొవర్' అంటే, ఇంకో ప్రాంతంలో 'హొవర్', మరో ప్రాంతంలో 'ఒవర్' అంటారు. ఉత్తరాది గొంతుతో రికార్డు చేసిన పాఠం విని నేర్చుకున్న మనిషి సుక్మా సంతలో ఉప్పు దగ్గరే తడబడొచ్చు.

లిపి చిక్కు ఇంకా పెద్దది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో మాతృభాష ఆధారిత బహుభాషా విద్య మొదలైనప్పుడు గోండీ, కోయ సహా ఎనిమిది గిరిజన భాషల్లో పాఠ్యపుస్తకాలు తయారయ్యాయి, తెలుగు లిపిలో. ఒడిశా 2006-07 నుంచి చేపట్టిన ఇలాంటి కార్యక్రమంలో కోయ పుస్తకాలు ఒడియా లిపిలో వచ్చాయి. ఛత్తీస్‌గఢ్‌లో గోండీ పాఠాలు దేవనాగరిలో ఉంటాయి. వీటికి తోడు గోండీకి సొంత లిపులూ ఉన్నాయి. మున్షీ మంగళ్‌సింగ్ మసారామ్ 1918లో రూపొందించిన లిపి ఒకటి, ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాల గ్రామంలో రాతప్రతులు దొరికిన లిపి ఇంకొకటి. మొదటిది 2017లో, రెండోది 2018లో యూనికోడ్‌లో చేరాయి.

అంటే దోర్నపాల్ నుంచి కొన్ని పదుల కిలోమీటర్ల దూరంలో, నది అవతలో సరిహద్దు అవతలో, దాదాపు ఇదే భాషకు పిల్లల వాచకాలు ఉన్నాయి. దోర్నపాల్ టీచర్ చేతికి అవి అందినా చదవలేకపోవచ్చు.

తెలుగువాళ్లకు ఉన్న సౌలభ్యం, ఒక ప్రమాదం

గోండీ, కోయ ద్రావిడ భాషలు. తెలుగు, ఇవి దగ్గరి బంధువులు. అందుకే హిందీ మాట్లాడే ఉద్యోగికన్నా తెలుగు ఉద్యోగికి ఇక్కడ పని సులువు. తల, కన్ను, కాలు, నెత్తురు లాంటి మాటలు కొద్ది తేడాతో గుర్తుపట్టేలాగే ఉంటాయి. కొన్ని చోట్ల ఒక చిన్న సూత్రం పట్టుకుంటే చాలు. తెలుగులో కొన్ని అచ్చుల ముందు పాత 'క' కాస్తా 'చ' అయింది, గోండీలో 'క' అలాగే నిలిచింది. మన చెవి అక్కడ 'కెవి', మన చెయ్యి అక్కడ 'కయ్', మన చిచ్చు అక్కడ 'కిస్'. ఇలాంటి సూత్రాన్ని తెలుగువాళ్లకు విడిగా చెప్పే యాప్ ఏదీ లేదు, ఎందుకంటే యాప్‌లు ఇంగ్లిష్‌నో హిందీనో ఆధారం చేసుకుని మొదలవుతాయి.

దగ్గరితనం మోసం కూడా చేస్తుంది. గోండీలో 'ఏర్' అంటే నీళ్లు. తెలుగు చెవికి అది వాగులా వినిపిస్తుంది. 'నార్' అంటే ఊరు. సుక్మా జిల్లాలోని కూకానార్ లాంటి పేర్ల చివర కనిపించేది ఇదే. ఇంకా సున్నితమైనది స్త్రీల ప్రస్తావన. గోండీలో మగవాళ్లకు ఒక సర్వనామం, స్త్రీలకూ వస్తువులకూ కలిపి 'అద్' అనే మరో సర్వనామం. అక్కడ అందులో అమర్యాద ఏమీ లేదు. తెలుగులోనూ మూలంలో ఇదే పద్ధతి, కానీ మనం ఒకావిడను 'అది' అంటే చిన్నచూపు. గోండు మహిళ తెలుగు నేర్చుకునే కొత్తలో పెద్ద డాక్టరమ్మను 'అది' అన్నదంటే, ఆమె తన భాష పద్ధతిలో సరిగ్గానే మాట్లాడింది. ఈ సంగతి తెలియని ఆస్పత్రి సిబ్బందికి అది పొగరులా తోస్తుంది.

పద్నాలుగు రోజుల మాత్ర

ఇక్కడ భాష రాకపోతే ఏమవుతుందో మలేరియా ఉదాహరణతో చూడొచ్చు. 2020 జనవరిలో 'మలేరియా ముక్త్ బస్తర్' కార్యక్రమం మొదలైంది. ఆరోగ్య సిబ్బంది ఇంటింటికీ వెళ్లి, జ్వరం ఉన్నా లేకున్నా అందరికీ రక్తపరీక్ష చేస్తారు. అలా చేసినప్పుడు, పైకి ఏ లక్షణమూ లేని చాలామందిలో మలేరియా బయటపడింది. వైవాక్స్ రకం మలేరియా అయితే కాలేయంలో దాగిన క్రిములు పోవడానికి ప్రైమాక్విన్ మాత్ర 14 రోజులు వేసుకోవాలి.

ఇప్పుడు నర్సు చెప్పాల్సిన మాట ఇది: నీకు జ్వరం లేకపోయినా జబ్బు ఉంది, రేపటికి బాగున్నట్టు అనిపించినా మాత్ర మానొద్దు, ఈ మాత్రలు ఇంట్లో ఇంకొకరికి పంచొద్దు. యాప్ మొదటి నెలలో నేర్పే 'అబ్బాయి ఆపిల్ తింటున్నాడు' తరహా వాక్యాలకూ దీనికీ చాలా దూరం. అనువాద యాప్ ఈ వాక్యాన్ని పలికించవచ్చు. కానీ ఎదుటివాళ్లు ఎదురు ప్రశ్న వేస్తే? 'జ్వరం లేనివాడికి మందెందుకు' అన్న అనుమానాన్ని వాళ్ల మాటల్లో విని, వాళ్ల మాటల్లోనే జవాబు చెప్పగలిగితేనే పద్నాలుగో రోజు మాత్ర నోట్లోకి వెళ్తుంది.

పక్కనున్న బడి పిల్లవాడిని పిలిచి దుబాసీ పని చేయించడం తేలిగ్గా కనిపించే దారి. కడుపు, కాన్పు, నెలసరి గురించిన మాటలు పిల్లల నోట పలికించడం తల్లికీ బిడ్డకూ ఇబ్బందే. పైగా ఆ పిల్లవాడు తనకు తెలియని మాటను వదిలేస్తే అవతల ఎవరికీ తెలియదు.

యాప్ లేనప్పుడు

మంచి ప్రత్యామ్నాయం అంటే ఇంకో యాప్ అనే అర్థం కాదు. పుస్తకాలు, బడులు లేని భాషలను నేర్చుకునేవాళ్లు ప్రపంచంలో చాలాకాలంగా వాడుతున్న పద్ధతులున్నాయి. కాలిఫోర్నియాలో చివరి తరం వృద్ధులు మాత్రమే మాట్లాడే మూలవాసి భాషల కోసం 1992లో 'గురుశిష్య' పద్ధతి మొదలుపెట్టారు. భాషావేత్త లియాన్ హింటన్ దాని రూపకర్తల్లో ఒకరు. భాష వచ్చిన ఒక పెద్ద, నేర్చుకునే ఒకరు వారానికి కొన్ని గంటలు కలిసి వంట, తోటపని లాంటివి చేస్తారు. ఆ సమయంలో ఇంగ్లిష్ మాట్లాడరు. సైగలతో, చేస్తున్న పనితో అర్థం తెలుస్తుంది. దోర్నపాల్ పరిస్థితి దానికన్నా ఎంతో మెరుగు. ఇక్కడ భాష అన్ని వయసులవాళ్ల నోళ్లలోనూ ఉంది.

దీన్ని ఇక్కడికి తగ్గట్టు అమలు చేయడం కష్టమేమీ కాదు. నర్సుకైతే ఛత్తీస్‌గఢ్‌లో 2002 నుంచి ఊరూరా పనిచేస్తున్న 'మితానిన్' ఆరోగ్య కార్యకర్త మంచి గురువు. టీచర్‌కు బడిలో వంట చేసే అమ్మ, బ్యాంకు ఉద్యోగికి సంతలో చింతపండు, ఇప్పపువ్వు అమ్మే అక్క. వారానికి రెండుసార్లు గంటసేపు కూర్చుని, తన పనిలో రోజూ అవసరమయ్యే ఇరవై వాక్యాలను ఆ నోటితోనే ఫోన్‌లో రికార్డు చేసుకోవాలి. 'ఎన్నాళ్ల నుంచి?', 'ఎక్కడ నొప్పి?', 'తిన్నాక వేసుకో', 'మళ్లీ మంగళవారం రా'. ఆ గంటకు డబ్బు ఇవ్వాలి. అది పాఠం చెప్పడం, కబుర్లు కాదు.

రికార్డు చేసిన ముక్కలను 'ఆంకీ' అనే యాప్‌లో వేసుకోవచ్చు. 2006లో మొదలైన ఈ యాప్‌లో సొంత ధ్వనితో, సొంత లిపిలో కార్డులు తయారుచేసుకోవచ్చు. ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉచితం, ఒకసారి ఎక్కించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది. యాప్‌లు బాగా చేసే గుర్తుచేసే పనిని యాప్‌కే వదిలి, ఏం నేర్చుకోవాలో మాత్రం ఊరి మనిషితో నిర్ణయించుకోవడం ఇందులో కీలకం. రాసుకోవడానికి తెలుగు లిపి చక్కగా సరిపోతుంది. ఎ-ఏ, ఒ-ఓ తేడా తెలుగులో కనిపిస్తుంది, మామూలు దేవనాగరి రాతలో కనిపించదు.

ఒక జాగ్రత్త తప్పనిసరి. 2005 తర్వాత సల్వాజుడుం కాలంలో ఊళ్లు ఖాళీ అయి జనం శిబిరాలకు చేరిన చోట్లలో దోర్నపాల్ ఒకటి. అప్పుడే వేలమంది సరిహద్దు దాటి ఖమ్మం, వరంగల్ అడవుల్లోకి వచ్చారు, వాళ్లనే ఇక్కడ గుత్తికోయలంటున్నాం. ఎవరో వచ్చి ఫోన్ ముందు పెట్టి పేర్లు, ఊళ్లు అడిగితే అనుమానం రావడం సహజం. ఎందుకు రికార్డు చేస్తున్నారో ముందే చెప్పాలి, వద్దంటే ఆపేయాలి, మనుషుల పేర్లు, ఊళ్ల వివరాలు వాక్యాల్లో లేకుండా చూసుకోవాలి.

వినడానికి సాధనాలున్నాయి. 2010లో మొదలైన 'సీజీనెట్ స్వర'లో జనం మామూలు ఫోన్ నుంచే తమ భాషలో సమస్యలు, పాటలు, వార్తలు రికార్డు చేసేలా ఏర్పాటు చేశారు. పాఠం కోసం పలికిన గోండీకీ, రోడ్డు వేయలేదని కోపంతో పలికిన గోండీకీ ఉన్న తేడా అందులో వినొచ్చు. అదే బృందం చొరవతో 2014 నుంచి వివిధ రాష్ట్రాల గోండులు కలిసి కూర్చుని, ఉమ్మడిగా వాడుకోదగిన సుమారు 3,000 పదాల నిఘంటువును 2018కి సిద్ధం చేశారు. ప్రథమ్ బుక్స్ 'స్టోరీవీవర్'లో గోండీ పిల్లల కథలు చదవొచ్చు. ఇంకా లోతుగా వెళ్లదలిస్తే స్టీఫెన్ టైలర్ 1969లో ప్రచురించిన కోయ వ్యాకరణం, పి.ఎస్. సుబ్రహ్మణ్యం 1968లో వెలువరించిన గోండీ వ్యాకరణం ఉన్నాయి.

ఇటు నేర్చుకునేవాళ్ల సంగతి

తెలుగు కావాల్సిన గోండు కూలీకి, గుత్తికోయ పిల్లలకు యాప్‌లు ఇంకా దూరం. తెలుగు నేర్పే యాప్‌లు చాలావరకు ఇంగ్లిష్ వచ్చినవాళ్లకోసం, విదేశాల్లో పెరిగిన మన పిల్లలకోసం తయారైనవి. మిరప తోటలో కావాల్సింది కూలి లెక్క, తూకం, ఆస్పత్రి, బస్సు. ఈ నాలుగు విషయాల మీద కోయ, తెలుగు పక్కపక్కన వినిపించే అరగంట ఆడియో ఉంటే, నెట్ లేకపోయినా ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు పంపుకోవచ్చు. బడిలోనైతే పిల్లల భాషలో మొదలుపెట్టి రాష్ట్ర భాషలోకి తీసుకెళ్లడం కొత్త ఆలోచన కాదు. నిజాం పాలనలో 1940ల్లోనే ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ గోండు యువకులను టీచర్లుగా తయారుచేసి, గోండీలో చదువు మొదలుపెట్టించారు.

ఎవరు ఎవరి భాష నేర్చుకోవాలన్న ప్రశ్న కూడా ఇక్కడే తేలాలి. ఇప్పటిదాకా ఆ భారమంతా ఆరేళ్ల పిల్లవాడి మీద, కూలి మనిషి మీద పడుతోంది. జీతం తీసుకుంటూ, చదువుకుని, చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉన్న ఉద్యోగి వంద వాక్యాలు నేర్చుకోవడం దానికన్నా తేలిక.

ప్రభుత్వాలు చేయగలిగిన పని కూడా పెద్ద ఖర్చుతో కూడినది కాదు. కోయ వాచకాలు తెలుగు లిపిలో ఉన్నాయి, ఒడియా లిపిలో ఉన్నాయి. గోండీ పాఠాలు దేవనాగరిలో ఉన్నాయి. ఒక భారతీయ లిపి నుంచి ఇంకో దానికి అక్షరాలు మార్చడం కంప్యూటర్‌కు చిన్న పని. సరిచూడటానికి ఆ భాష మాట్లాడే టీచర్లు మూడు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఆ పుస్తకాలను ఒకచోట చేర్చి, మూడు లిపుల్లో చూపించి, దోర్నపాల్, చింతూరు, మల్కాన్‌గిరి గొంతులతో చదివించి, నెట్ లేకుండా వినే వీలు కల్పిస్తే ఈ మూలకు నిజంగా పనికొచ్చే మొదటి భాషా యాప్ అదే అవుతుంది. అది వచ్చేదాకా మితానిన్ అక్క దగ్గర వారానికి రెండు గంటలు, ఫోన్‌లో రికార్డరూ ఉంటే పని మొదలుపెట్టొచ్చు.